పురుగులను పట్టు మొక్కలు
బీడు నేల మనకు నేర్పు పాఠము

పశువు గడ్డిని మేయును. పురుగు ఆకును తినును. చిన్ననాటినుండియు మనము చూచుచున్న వరుస ఇది. ఆకే పురుగును పట్టి జీర్ణము చేసికొనునని ఎవరైన చెప్పినచో, అది అవ్వ చెప్పిన కథ యని నవ్వి ఊరకుందుము. అయినను ఇది కథ కాదు. కీటకములను పట్టి బ్రతుకు మొక్కలు ప్రపంచమున సుమారు 800 జాతులు కలవు. వానిలో కొన్ని దూరదేశములందే కాక, తూర్పు కనుమల తడినేలలందును, రాయలసీమ కొండప్రాంతములందును గూడ పెరుగుచున్నవి. వీనిని గూర్చి గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన అవసర మేమి యను ప్రశ్న కలుగవచ్చును. ఈ మొక్కల మనుగడ పంచాయతీ తీర్మానములతో ముడివడియున్నది. అది యెట్లో ఈ వ్యాసమున వివరింతుము.

ఎట్టి చోట వెదకవలెను?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మైసూరు పీఠభూమి అంచున నున్న మిట్టనేలలు. మదనపల్లె పట్టణము సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున నున్నది. దానికి చేరువనున్న హార్సిలీ కొండలు వేయి మీటర్లకు పైబడిన ఎత్తు గలవి. ఇచటి నేల చాలవరకు నల్లరాతి బండలు శిథిలమై ఏర్పడిన ఎర్రనేల. అందు ఇసుక, గరుసు హెచ్చు; సారము తక్కువ. నైరృతి ఋతుపవనము కొంత, ఈశాన్య ఋతుపవనము కొంత ఈ ప్రాంతమును తడుపును. వానలు వెనుకబట్టిన పిదప బండల అడుగునుండి సన్నని ఊట కొన్ని వారములు కారుచుండును. చెరువు కట్ట దిగువను, కొండవాలు పచ్చికలందును, వంకల ఒడ్డునను నేల చెమ్మగా నుండును.

ఎండ బాగుగా తగులుచు, గడ్డి పొట్టిగా నుండి, ఎరువన్నది యెరుగని ఇట్టి చెమ్మనేలయే ఈ మొక్కలకు ఇష్టమైన చోటు. రైతు దానిని చూచి "ఇది దున్నుటకు పనికిరాదు" అని విడిచిపెట్టును. గ్రామ లెక్కలలో అది బీడుగానో, పోరంబోకుగానో వ్రాయబడియుండును. ఆ విడిచిన నేలలోనే వంగి చూచువానికి ఒక వింత కానవచ్చును.

మంచుబిందువుల మొక్క

కార్తీకమాసపు ఉదయమున అట్టి నేలపై రూపాయి నాణెమంత వెడల్పు గల ఎర్రని పువ్వు వంటిది నేలకు అంటుకొని కనబడినచో, దాని చెంత కూర్చుండి చూడవలెను. అది పువ్వు కాదు. చక్రాకారముగా పరచుకొన్న చిన్న ఆకుల గుంపు. ప్రతి ఆకుపైనను సన్నని నూగు, ప్రతి నూగు కొనయందును మంచుబిందువు వంటి తళతళలాడు చుక్క యుండును. ప్రొద్దెక్కి గడ్డిమీది మంచు ఆరిపోయినను ఈ చుక్కలు ఆరవు. ఏలయన అవి మంచు కావు, మొక్క స్రవించిన జిగురు. శాస్త్రజ్ఞులు ఈ మొక్కను డ్రోసిరా బర్మాని యందురు. దీనికి బంధువైన డ్రోసిరా ఇండికా నిలువుగా జానెడెత్తు వరకు పెరుగును. దాని ఆకులు దారపు పోగులవలె సన్నగా నుండును.

మెరయుచున్న చుక్కను చూచి చిన్న ఈగయో, దోమయో, చీమయో ఆకుపై వ్రాలును. వ్రాలగనే కాళ్లు అంటుకొనును. విడిపించుకొనుటకు పెనగులాడిన కొలది మరికొన్ని చుక్కలు తగిలి జిగురు హెచ్చును. ఆ పెనుగులాటయే మొక్కకు సంకేతము. చుట్టునున్న నూగు ఒక్కొక్కటిగ పురుగు వైపునకు వంగును. డ్రోసిరా బర్మాని ఆకు అంచునందలి నూగు కొన్ని సెకనులలోనే లోనికి వంగగలదు. పురుగుకు మనవలె ముక్కు లేదు. శరీరపు ప్రక్కలనున్న సన్నని రంధ్రముల ద్వారా అది గాలి పీల్చుకొనును. జిగురు ఆ రంధ్రములను మూసివేయుటచే అది ఊపిరాడక చచ్చును.

అటుపిమ్మట జీర్ణక్రియ ఆరంభమగును. నూగు కొనలనుండి పులుపు గుణము గల రసము ఊరును. మన కడుపులోని జఠరరసము మాంసకృత్తులను కరిగించునట్లే ఈ రసమును పురుగు శరీరమందలి మెత్తని భాగములను కరిగించును. కరిగిన సారమును ఆకు పీల్చుకొనును. కొన్ని దినముల తరువాత ఆకు మరల విచ్చుకొనును. అప్పుడు దానిపై పురుగు డొల్లయు, రెక్కలును మాత్రమే మిగిలియుండును. గాలి వాటిని ఎగురగొట్టును. ఆకు మరల కొత్త చుక్కలతో సిద్ధమగును.

నీటిలోని తిత్తి

రెండవ రకము మొక్క మన చెరువులలోను, కుంటలలోను, తడిపచ్చికలలోను పెరుగును. దీని పేరు యుట్రిక్యులేరియా. దీనికి నిజమైన వేరు లేదు. నీటిపై చిన్న పసుపుపచ్చని పువ్వు మాత్రము కానవచ్చును. తడినేలపై పెరుగు జాతులలో కొన్నింటికి నీలపు పువ్వులును కలవు. దాని అసలు పని నీటి అడుగున జరుగుచుండును. దారముల వంటి కొమ్మలకు ఆవగింజంతవి, అంతకంటె చిన్నవి, తిత్తులు వ్రేలాడుచుండును.

కంటిలో మందుచుక్కలు వేయు రబ్బరు తిత్తిని మన మెరుగుదుము. దానిని నొక్కి నీటిలో ముంచి విడిచినచో నీటిని లోనికి లాగును. ఈ మొక్క తిత్తియు అట్టిదే. అది లోపలి నీటిని మెల్లగా బయటికి తోడివేసి, ప్రక్కలు లోపలికి నొక్కుకొనిపోయిన స్థితిలో నుండును. నోటివద్ద ఒక చిన్న తలుపును, దానిపై కొన్ని నూగులును కలవు. నీటిపురుగు ఆ నూగును తాకినంతనే తలుపు తెరచుకొనును. నీటితోబాటు పురుగును లోనికి పోవును. తలుపు మరల మూసికొనును. ఇదంతయు సెకనులో వేయవవంతు పాటి కాలములో ముగియును. మన కన్ను దీనిని చూడజాలదు. లోపల చిక్కిన ప్రాణిని జీర్ణరసము కరిగించును. సుమారు అరగంట లోపున తిత్తి మరల సిద్ధమగును. నీటిఈగలు, సూక్ష్మప్రాణులు, ఒక్కొక్కప్పుడు లేత దోమపిల్లలును దీనికి చిక్కుచుండును.

పురుగు అన్నమా, ఎరువా?

ఇచట ఒక ముఖ్యవిషయమును గ్రహింపవలెను. ఈ మొక్కలు పచ్చని ఆకులు గలవి. తక్కిన మొక్కలవలెనే ఇవియు గాలినుండి బొగ్గుపులుసు వాయువును, నేలనుండి నీటిని గ్రహించి, సూర్యరశ్మి సాయముతో తమ పిండిపదార్థమును తామే తయారుచేసికొనును. కావున పురుగు వీనికి అన్నము కాదు. పురుగు శరీరమున నున్న నత్రజని, భాస్వరము వీనికి కావలెను. మదనపల్లె టమాటా రైతు తోటకు యూరియా, సూపరు ఫాస్ఫేటు వేసి యిచ్చు వస్తువులనే ఈ మొక్క పురుగునుండి సంపాదించుకొనును. ఒక్కమాటలో చెప్పవలెనన్న, పురుగు వీనికి ఎరువు.

దీనిని ప్రయోగముచే నిరూపించిన వారు డార్విను తండ్రీకొడుకులు. చార్లెసు డార్విను 1860 వేసవిలో ఇంగ్లండు దేశపు ససెక్సు సీమలో డ్రోసిరా మొక్కలను చూచెను. ఊరక పెరికిన పండ్రెండు మొక్కలకు 56 విచ్చుకొన్న ఆకులుండగా, 31 ఆకులపై చచ్చిన పురుగులో, వాని శేషములో కనబడెను. ఇది కాకతాళీయము కాదని ఆయనకు తోచెను. పాలచుక్క, గ్రుడ్డులోని తెల్లసొన, మాంసపు తునక మొదలగువానిని ఆకులపై వేసి చూచెను. నూగు వంగి వానిని చాలకాలము పట్టియుంచెను. గాజుతునక వేసినచో వంగినను త్వరలోనే విడిచిపెట్టెను. వానచుక్క వంటి నీటిబిందువులు పడినప్పుడు అసలు కదలనేలేదు. పదునైదేండ్ల పరిశీలన తరువాత, 1875లో, కీటకాహార మొక్కలను గూర్చి ఆయన ఒక పెద్దగ్రంథమును ప్రకటించెను.

అయినను, పురుగు దొరకనిచో మొక్కకు నష్టమేమి యను సందేహము మిగిలెను. ఆయన కుమారుడు ఫ్రాన్సిసు డార్విను ఆ మొక్కలను పెంచి, పురుగులు వ్రాలకుండ సన్నని వస్త్రము కప్పెను. సగము మొక్కలకు చిన్న చిన్న మాంసపు తునకల నిచ్చెను. తక్కిన సగమునకు ఏమియు నీయలేదు. ఏమియు దొరకని మొక్కలును చావలేదు. కాని మేత దొరికిన మొక్కలు రెండురెట్లకు పైగా విత్తనముల నిచ్చినవి. ఈ ఫలితము 1878లో వెల్లడియయ్యెను. పేదనేలలో సంతానమును నిలుపుకొనుటకే మొక్క ఈ ఉపాయము పన్నినదని దీనివలన తేటపడినది.

ఇట్టి ఉపాయమునకు ఉపమానము మన ప్రాంతముననే కలదు. పుంగనూరు పొట్టి ఆవు ఎండుగడ్డితోను, కొద్దిపాటి మేతతోను కరవు కాలమును గట్టెక్కు జాతి. తక్కువ దొరకు చోట తక్కువతోనే బ్రతుక నేర్చినది. డ్రోసిరాయు అట్టిదే. ఒకటి మేత తక్కువైన చోట, మరొకటి సారము తక్కువైన చోట నిలిచినవి.

ఇతర ప్రాంతముల బంధువులు

మనదేశమున కీటకాహార మొక్కలలో పేరెన్నికగన్నది మేఘాలయ కొండలలోని నెపంథిస్ ఖాసియానా, అనగా కూజా మొక్క. దాని ఆకుకొన మూతగల కూజా రూపమును దాల్చును. అంచు నున్నగా జారుచుండును. పురుగు జారి లోపలి రసమున పడి కరగిపోవును. ఈ మొక్కకై గారో కొండలలో బాఘ్‌మారా యొద్ద ఒక చిన్న రక్షితస్థలమును ఏర్పరచిరి. వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దానికి రక్షణ కలదు.

అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలినా రాష్ట్రములలో మాత్రమే సహజముగ పెరుగు మొక్క మరొకటి కలదు. దాని ఆకు పుస్తకమువలె రెండు రేకులుగ నుండును. లోపలి నూగును పురుగు ఒకసారి తాకిన ఆకు కదలదు. సుమారు ఇరువది సెకనులలో రెండవసారి తాకినచో క్షణములో మూసికొనును. ఎండుటాకు పడినచో వృథాగా మూసికొనకుండుటకే ఈ జాగ్రత్త.

కొన్ని సందేహములు

ఈ మొక్కలను గూర్చి గ్రామములలో కలుగు ప్రశ్నలకు ఇచటనే సమాధానము చెప్పుట మంచిది.

మనుష్యులను, పశువులను పట్టు చెట్లు కలవా? లేవు. అట్టివి కథలలో మాత్రమే కలవు. మన ప్రాంతపు మొక్కలు చీమలను, దోమలను, అంతకంటె చిన్న ప్రాణులను మాత్రమే పట్టగలవు. పిల్లలు వేలితో తాకిన కొద్దిగా జిగురు అంటును, అంతియే.

పొలములో నాటినచో పైరుపురుగు పోవునా? పోదు. ఎరువు వేసిన పొలములో ఈ మొక్కయే బ్రతుకజాలదు.

కుంటలో యుట్రిక్యులేరియా యున్నచో దోమల బెడద తీరునా? తీరదు. అది కొన్ని దోమపిల్లలను తినుట నిజమే. అయినను మురుగు నిలువనీయకుండుట, తొట్లను వారమున కొకసారి ఆరబెట్టుట మనము చేయవలసిన పనులు. ఆ బాధ్యతను మొక్కపై వేయరాదు.

మరి దీనివలన మనకేమి లాభము? ఇది గట్టి ప్రశ్న. దీనికి సమాధానము తరువాతి భాగమున కలదు.

పంచాయతీ చేతిలోని పని

పురుగు ఎరువు వంటిదని చెప్పితిమి. అట్లయిన మనమే ఎరువు వేసినచో మొక్క మరింత బాగుగ పెరుగునని తోచును. కాని జరుగునది వేరు. చెమ్మనేలకు పేడకుప్పల మురుగునీరో, పొలముల ఎరువునీరో చేరినచో గడ్డియు, కలుపును ఏపుగా పెరిగి ఎండను మూసివేయును. పొట్టి డ్రోసిరా ఆ నీడలో నశించును. పేదనేలలో గెలిచిన మొక్క బలిసిన నేలలో ఓడిపోవును. అట్లే కుంటలోనికి ఎరువునీరు చేరినచో గుర్రపుడెక్కయు, పాచియు క్రమ్ముకొని యుట్రిక్యులేరియాకు చోటు లేకుండ చేయును.

ఆ నీరు ఊరి బావులకును, పశువుల తొట్లకును గూడ చేరునన్నది మరువరాదు. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణము నిర్ణయించినది. అంతకు మించిన నైట్రేటు పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గింపవచ్చును. ఈ మొక్క లేనంత మాత్రాన నీరు చెడినదని చెప్పరాదు. నీటిని పరీక్ష చేయించియే నిర్ణయింపవలెను. కాని యేటేట కనబడుచుండిన చోట అది మాయమైనచో, అచటి నేలకును నీటికిని ఏదో మార్పు వచ్చినదని గ్రహించి కారణము నరయుట వివేకము. ఖర్చు లేని కావలివాడు ఒకడు మన చెరువు ప్రక్కన నున్నాడని భావింపవచ్చును.

ఊరి బీడును గూర్చిన తీర్మానములు పంచాయతీ సమావేశములలో తరచుగా వచ్చుచుండును. చెత్త ఎచట పోయవలెను? రహదారికి గరుసు ఎచట త్రవ్వవలెను? పూడిక మట్టి ఎచట వేయవలెను? ఇట్టి ప్రశ్నలకు "ఆ పనికిమాలిన చెమ్మనేల కలదు కదా" అని జవాబు చెప్పుట సులభము. డ్రోసిరా బర్మాని, డ్రోసిరా ఇండికా సాధారణముగ ఒక ఋతువున పెరిగి, పూచి, విత్తనము రాల్చి చచ్చు మొక్కలు. మరుసటి ఏటి సంతతి యంతయు పైమట్టిలోని నలుసువంటి విత్తనములలోనే దాగియుండును. ఆ పైమట్టిని ఒక్కదినము త్రవ్వి తీసికొనిపోయినను, దానిపై చెత్త పోసినను, ఆ చోటున వంశము నిలుచుట కష్టము.

కుప్పము, పలమనేరు అడవులలో ఏనుగులకొరకు కౌండిన్య అభయారణ్యము 1990లో ఏర్పడినది. ఏనుగు పెద్దది, దాని రాకపోకలు ఎల్లరకును తెలియును. పుంగనూరు ఆవులు బహు కొద్దిగా మిగిలిన తరువాతనే మనము మేల్కొంటిమి. పలమనేరు పశు పరిశోధన స్థానమున ఆ జాతిని కాపాడుచు వచ్చిరి. రూపాయి నాణెమంత మొక్క పోయినచో మాత్రము పోయినదని చెప్పువాడే యుండడు. దానిని మొదట గుర్తింపవలసినవారు ఆ ఊరివారే.

దీనికి చట్టమును మార్గము చూపినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానికసంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను ఏర్పరచవలెను. ఊరిలోని మొక్కలు, జంతువులు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన విషయములు చేర్చి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధము చేయుట ఆ కమిటీల పని. పంటలు, పశువులు, మందుచెట్లు సాధారణముగ అందు చేరును. బీడునేలలోని చిన్న మొక్కలు మాత్రము వ్రాయువాని కంటికి ఆనక తప్పిపోవుట సులభము.

కావున పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని సూచింతుము. వానలు వెనుకబట్టిన తరువాత ఒక ఉదయమున పాఠశాల ఉపాధ్యాయునితోను, పిల్లలతోను గూడి, ఒక భూతద్దము తీసికొని, ఊరి చెమ్మనేలలను చూచి రావలెను. గొఱ్ఱెల కాపరులను, నీరుకట్టువారిని తప్పక వెంట తీసికొనిపోవలెను. ఏ చోట ఎంతకాలము చెమ్మ నిలుచునో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. మొక్క కనబడినచో పెరుకరాదు. చిత్రమును తీసి, చోటును, తేదీని, ఊరిలో దానిని పిలుచు పేరును రిజిస్టరులో వ్రాయింపవలెను. కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకునికి ఆ చిత్రమును చూపి జాతిని నిర్ధారణ చేయించుకొనవలెను. చెత్త, గరుసు, పూడికలను గూర్చి తీర్మానించుటకు ముందు ఆ రిజిస్టరును ఒకసారి తెరచి చూడవలెను.

దీనికై కంచె వేయ నక్కరలేదు. పశువుల మేత మాన్పింప నక్కరలేదు. మితమైన మేతవలన గడ్డి పొట్టిగా నుండి ఈ మొక్కలకు ఎండ తగులును. సొమ్మును గూడ వెచ్చింప నక్కరలేదు. చేయవలసినదెల్ల ఆ నేలను దానిమానాన విడిచిపెట్టుటయే. చెత్త కుప్పను నూరడుగులు అవతలికి జరిపినను చెత్త కుప్పయే. చెమ్మనేల మాత్రము నూరడుగులు జరుగదు.

సారములేని నేలను మనము పనికిమాలినది యందుము. ఆ నేలయందే ఒక చిన్న మొక్క ఎవరి సాయమును కోరక, ఆకులపై జిగురుచుక్క నిలిపి, యుగములుగా తన వంశమును నిలుపుకొనుచున్నది. అది ఇకముందును నిలుచునా లేదా యన్నది రాబోవు పంచాయతీ సమావేశములో, ఏ సర్వే నంబరును దేనికి కేటాయింతుమో అను తీర్మానముపై ఆధారపడియున్నది. చేయెత్తుటకు ముందు సభ్యులు ఒకసారి ఆ చోటికి పోయి, వంగి చూచి రావలెనని మా మనవి.